పెద్దమ్మ రాత్రి ఎన్నిసార్లు లేచింది?

డల్లాస్ నుంచి అన్న ఫోన్ చేసినప్పుడు నేను పెద్దమ్మ గదిలోనే ఉన్నాను. ఆమెకి చెవి సరిగ్గా వినపడదు కాబట్టి ఫోన్ స్పీకర్‌లో ఉంది. "అమ్మా, రాత్రి నాలుగుసార్లు బాత్రూంకి పోయినావంట. నీళ్ళు ఎక్కువ తాగతా ఉండావా? షుగర్ చూపించుకున్నావా?" అన్నాడు. అడిగిన తీరులో తప్పేం లేదు, ప్రేమగానే అడిగాడు. పెద్దమ్మ "సరే నాయినా, చూపించుకుంటాలే" అంది. ఫోన్ పెట్టేశాక నా వైపు జరిగి, గోడలు వింటాయేమో అన్నట్టు గొంతు తగ్గించి అడిగింది. "నేను ఉచ్చకి పోయింది అంత దూరంలో వాడికెట్లా తెలిసింది అమ్మీ?"

ఆ ప్రశ్నకి జవాబు ఆమెకి ఎవరూ చెప్పలేదు. తిరుపతి ఊరిబయట, కిటికీలోంచి కొండ కనిపిస్తుందని ప్రకటనల్లో వేసుకునే ఒక హోమ్ అది. పేరు చెప్పను. చెబితే ఇది ఆ ఒక్కచోటి గొడవ అయిపోతుంది. ఆమె పరుపు కింద ఒక పట్టీ ఉంది. పడుకున్నదీ లేచిందీ, ఊపిరీ గుండె కొట్టుకోవడమూ దానికి తెలుస్తాయి. బాత్రూం పైకప్పు మూలన చిన్న తెల్ల డబ్బా ఉంది. ఒంటి వేడి కదిలితే దానికి తెలుస్తుంది. తలుపుకి ఒక అయస్కాంతం ఉంది. ఇవన్నీ కలిసి ఒక యాప్‌కి చెబుతాయి. ఆ యాప్ రెండు ఫోన్లలో ఉంది. ఒకటి మేనేజర్‌ది, ఇంకోటి అన్నది. పెద్దమ్మ ఫోన్లో లేదు.

తర్వాత జరిగింది చెబుతాను. పెద్దమ్మకి 81 ఏళ్ళు. పాకాల దగ్గర పల్లెలో చెనక్కాయలు పండించి, ఇద్దరు పిలకాయల్ని చదివించిన మనిషి. సిగ్గు ఎక్కువ. కొడుకు లెక్క పెడుతున్నాడని తెలిశాక సాయంత్రం ఐదు దాటితే నీళ్ళు తాగడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది, జ్వరం, పలవరింత. హాస్పిటల్లో డాక్టర్ "నీళ్ళు తాగట్లేదా అమ్మా?" అని అడిగేదాకా మాకెవరికీ తెలీదు. ఆ మూడు వారాలూ యాప్ ఏం చూపించిందో అన్న తర్వాత నాకు పంపాడు. రాత్రిపూట బాత్రూంకి వెళ్ళడం నాలుగు నుంచి ఒకటికి తగ్గింది. పక్కన ఆకుపచ్చ గుర్తు. పరిస్థితి మెరుగుపడిందని.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. సెన్సర్ల మీద నాకు పగ లేదు. ముసలివాళ్ళ ఒంటిమీంచి తీసిన సమాచారం వాళ్ళని దాటుకుని ఇంకెవరికో పోవడం మీదే నా గొడవ. పెద్దమ్మ గదిలో చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆమె మాత్రం ఎవర్నీ చూడలేదు. దీన్ని సంరక్షణ అని పిలవడం ఆపాలి.

పడిపోవడం చిన్న విషయమేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పడిపోయి చనిపోయేవాళ్ళు ఏడాదికి 6,84,000 మంది. ప్రమాదవశాత్తూ గాయాలతో జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత ఇదే. ఎక్కువమంది 60 దాటినవాళ్ళు. మా వీధిలోనే ఒకాయన రాత్రి రెండింటికి బాత్రూంలో జారిపడి, పాలవాడు వచ్చేదాకా తడి నేలమీద అట్లాగే ఉన్నాడు. ఆ పైకప్పు మూలన తెల్ల డబ్బా ఉండుంటే ఆయన ఆ నాలుగు గంటలూ అట్లా పడి ఉండేవాడు కాదేమో. కాబట్టి "మిషన్లెందుకు, ప్రేమ ఉంటే చాలు" అని రాసే వ్యాసం కాదిది. ప్రేమ అన్నకి బోలెడుంది. ఆ ప్రేమే ఆ యాప్‌కి నెలనెలా డబ్బు కడుతోంది.

"పల్లెలో అయితే ఇట్లాంటివి అవసరమే లేదు" అనే మాట కూడా నాకు నచ్చదు. పల్లెకీ కళ్ళుంటాయి. పొద్దున ఆరింటికి తలుపు తియ్యకపోతే పక్కింటి కమలమ్మక్క లాంటివాళ్ళు వచ్చి తడతారు, అది నిజమే. ముండమోసినామె తల్లో పువ్వు పెట్టుకుంటే చూసేదీ వాళ్ళే, ఎవరింటికి పోయిందో లెక్క పెట్టేదీ వాళ్ళే. పల్లె చూపు చల్లగా ఉండేదని నటించొద్దు. కానీ ఒక తేడా ఉంది. చూసేవాళ్ళ మొహం పెద్దమ్మకి తెలుసు. వాళ్ళ గుట్టు ఈమె దగ్గరా ఉండేది. ఎక్కువ చేస్తే "నీ ఇంటి సంగతి చూసుకోవే" అని తిట్టగలిగేది. రెండు రోజులు మాట్లాడకుండా ఉండగలిగేది. చూపు రెండువైపులా ఉండేది. తెల్ల డబ్బాని ఎవరు తిట్టగలరు?

ఇక ఆ యాప్ నిజంగా ఏం చేస్తుందో చూద్దాం. మొదటి కొన్ని వారాలు అది మనిషి అలవాట్లు నేర్చుకుంటుంది. ఎప్పుడు పడుకుంటుంది, ఎన్నిసార్లు లేస్తుంది, ఎంతసేపు కుర్చీలో ఉంటుంది అని. దాన్ని "మామూలు" అనుకుంటుంది. ఆ మామూలు నుంచి తప్పితే అలర్ట్ కొడుతుంది. చాలావరకు తెలివైన పనే. కానీ మామూలు అంటే ఏమిటో పెద్దమ్మని ఎవరూ అడగలేదు. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై చదువుతారు. ఆ నెలంతా పెద్దమ్మ నాలుగింటికే లేచి తలస్నానం చేస్తుంది, అరవై ఏళ్ళుగా. యాప్ అన్నకి చెప్పింది, నిద్ర తగ్గింది, తెల్లవారుజామున అలజడిగా ఉందని. ఎండాకాలంలో ఆమె పరుపు మీంచి దిగి చాప మీద పడుకుంటుంది. యాప్ చెప్పింది, మనిషి మంచం మీద లేదని. ఆయా వచ్చి లేపి మళ్ళీ పరుపెక్కించింది. పాపం, ఆ ఆయాకి వేరే దారి లేదు. పెద్దమ్మ పరుపెక్కితే తప్ప మేనేజర్ ఫోన్లో ఆ ఎర్రగుర్తు పోదు.

ఆ ఆయా గురించే అసలు మాట్లాడాలి. ఆ అంతస్తులో 22 మంది ఉన్నారు. రాత్రి డ్యూటీలో ఆయా ఒక్కతే. అలర్ట్‌లు ఒకేసారి మూడు గదుల్లోంచి వస్తే ముందు ఏ గదికి పోవాలి? నేనడిగితే నవ్వింది. "ఏది దగ్గరుంటే ఆడికి పోతానక్కా" అంది. హోమ్ వాళ్ళ బ్రోషర్‌లో మాత్రం "24 గంటల పర్యవేక్షణ" అని ఉంది. పర్యవేక్షణ 24 గంటలూ ఉంది, నిజమే. లేపి కూర్చోబెట్టే చెయ్యి ఒకటే ఉంది. సెన్సర్లు పెట్టకముందు రాత్రిపూట ఇద్దరుండేవాళ్ళట.

ఇదేదో మన ఊరి కక్కుర్తి అనుకోకండి. జపాన్‌లో కొన్ని రకాల ప్రైవేటు వృద్ధాశ్రమాల్లో ముగ్గురు వృద్ధులకి ఒక సిబ్బంది ఉండాలన్నది నియమం. 2024 ఏప్రిల్ సవరణల్లో, పర్యవేక్షణ సెన్సర్లలాంటి పరికరాలు వాడి, కొన్ని షరతులు పాటించే చోట్ల ఆ ఒక్కరిని 0.9కి తగ్గించుకోవచ్చని అనుమతి ఇచ్చారు. పనివాళ్ళు దొరక్క అల్లాడుతున్న దేశం అది, నాణ్యత తగ్గలేదని చూపించాలనే షరతూ పెట్టింది. అయినా ఆ అంకె చూడండి. సెన్సర్ ధర మనిషిలో పదో వంతు అని ఒక ప్రభుత్వం కాగితం మీద రాసుకుంది. జపాన్ కనీసం రాసుకుంది. ముగ్గురికి ఒకరు అనే నియమం ముందు ఉంది కాబట్టి ఎంత తగ్గిందో తెలుస్తుంది. మన దగ్గర రాత్రి ఇద్దరు ఒకరయితే ఏ కాగితం మీదా కనపడదు.

సెన్సర్లు మేలు చేశాయని చెప్పేవాళ్ళు తరచుగా చూపించే చోటు అమెరికాలో ఉంది. మిస్సోరీ రాష్ట్రం కొలంబియా ఊళ్ళో టైగర్‌ప్లేస్ అని వృద్ధుల నివాసం, 2004లో మొదలైంది. అక్కడి యూనివర్సిటీ నర్సింగ్, ఇంజినీరింగ్ వాళ్ళు కలిసి ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. 2015లో వచ్చిన వాళ్ళ అధ్యయనంలో సెన్సర్లు ఉన్నవాళ్ళు సగటున 1,557 రోజులు అక్కడే ఉండగలిగారు, లేనివాళ్ళు 936 రోజులు. గొప్ప తేడా. అన్న నాకు ఈ అంకెలే పంపాడు. కానీ ఆ అధ్యయనంలో సెన్సర్లున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ కూడా చదువుకున్న రిజిస్టర్డ్ నర్సుల సంరక్షణ ఉంది. అలర్ట్ పోయేది నర్సుకి. ఆమె వచ్చి మనిషిని చూస్తుంది, అడుగుతుంది, రాబోయే జబ్బుని ముందే పట్టుకుంటుంది. పెద్దమ్మ బాత్రూం లెక్క ఆ నర్సు చేతిలో పడుంటే, నాలుగు ఒకటైన వారంలోనే వచ్చి "ఏమ్మా, నీళ్ళు తాగట్లేదా?" అని అడిగేది. మన హోమ్‌లు సెన్సర్‌ని తెచ్చుకున్నాయి. నర్సుని అక్కడే వదిలేశాయి.

ఆంధ్రలో ముసలివాళ్ళకి సెన్సర్ ఏం కొత్త కాదు. ప్రతి నెలా ఒకటో తారీఖున పెన్షన్ తీసుకునే తాతలూ అవ్వలూ వేలిముద్ర పెట్టి పెట్టి అలిసిపోయారు. 2024 జులై నుంచి ఆ పెన్షన్ 4,000 రూపాయలైంది, సచివాలయం ఉద్యోగి ఇంటికే తెచ్చిస్తాడు. కలుపు తీసీ, కాయలు ఒలిచీ గీతలరిగిపోయిన వేళ్ళు మిషన్‌కి ఎక్కవు. రిటైరైన ఉద్యోగులకి 2014 నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఏడాదికోసారి వేలో, కన్నో, మొహమో చూపించి బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. ఇవి చిరాకు పెట్టే పనులే. కానీ ఇందులో ముసలామెకి తను ఏం ఇస్తోందో తెలుసు, ఎందుకిస్తోందో తెలుసు. వేలు పెట్టేది తనే. పెట్టాక మిషన్ సంచిలో పెట్టుకుని ఆ అబ్బాయి వెళ్ళిపోతాడు. పరుపు కింద పట్టీ వెళ్ళిపోదు.

తిరుపతి జనాన్ని లెక్కపెట్టడం తెలిసిన ఊరు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో తిరుమలలో ఏఐ కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. క్యూలలో ఎంతమంది ఉన్నారో కెమెరాలు చెబుతాయి. నేను దానికి అడ్డు చెప్పను. క్యూలో మనం కొన్ని గంటలుంటాం, బయటికొచ్చాక మనల్ని ఎవరూ లెక్కపెట్టరు. పెద్దమ్మ గది క్యూ కాదు. అది ఆమె ఇల్లు, బహుశా చివరి ఇల్లు. ఇంట్లో ఎవరూ చూడని జాగా ఒకటైనా ఉండాలి. ఆ బాత్రూం ఒక్కటే ఆమెకి మిగిలింది, దాని పైకప్పుకీ డబ్బా బిగించారు.

చట్టం ఏమంటుంది? హోమ్‌లో చేర్చేటప్పుడు 14 పేజీల ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. సంతకం అన్నది. పెద్దమ్మకి మతిమరుపు లేదు, చిట్టీల లెక్కలు ఇప్పటికీ నోటితో చెబుతుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటా ఎవరి గురించో సమ్మతి వాళ్ళదే. పిల్లలకైతే తల్లిదండ్రులు, కొందరు వికలాంగులకైతే చట్టబద్ధమైన సంరక్షకులు ఇవ్వొచ్చు. తెలివితో ఉన్న 81 ఏళ్ళ తల్లికి బదులు కొడుకు ఇవ్వొచ్చని ఎక్కడా లేదు. సమ్మతి అడిగే కాగితాన్ని తెలుగులో చదువుకునే వీలుండాలి. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. ఈ చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, అసలు బాధ్యతలకి మాత్రం 18 నెలల గడువు ఇచ్చారు. గడువు చట్టానికి. మర్యాదకి గడువెందుకు?

ఈ దేశంలో గోప్యత హక్కు ఎవరి పేరు మీదుందో గుర్తుందా? జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి. 2012లో సుప్రీంకోర్టుకి వెళ్ళినప్పుడు ఆయనకి 86 ఏళ్ళు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా అది ప్రాథమిక హక్కు అని చెప్పేనాటికి 91. "వాళ్ళకి ప్రైవసీ ఏం తెలుస్తుంది, పాతకాలం మనుషులు" అని అన్నలాగే చాలామంది అంటారు. ఆ హక్కుని మనకి తెచ్చిపెట్టింది ఒక పాతకాలం మనిషి.

హోమ్‌ల సంగతి చూస్తే ఇంకా అన్యాయం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండేలా ఆశ్రమాలు పెట్టవచ్చని రాష్ట్రాలకి చెప్పింది. "పెట్టవచ్చు" అంది, "పెట్టాలి" అనలేదు. ప్రైవేటు హోమ్‌లన్నీ రిజిస్టర్ కావాలనీ కనీస ప్రమాణాలు పాటించాలనీ 2019లో సవరణ బిల్లు తెచ్చారు. పాసు కాకుండానే 2024లో ఆ లోక్‌సభతోపాటు మురిగిపోయింది. అంకుర సంస్థలకి మాత్రం దారి తెరిచే ఉంది. వృద్ధుల కోసం వస్తువులూ సేవలూ తయారు చేసేవాళ్ళకి ఒక్కో ప్రాజెక్టుకి కోటి రూపాయల దాకా పెట్టుబడి ఇస్తామని 2021 జూన్‌లో కేంద్రం సేజ్ అనే పథకం ప్రారంభించింది. పరికరం తయారు చేసేవాడికి పథకం ఉంది. రాత్రంతా మేలుకునే ఆయాకి కనీస సంఖ్య కూడా లేదు.

ఇది రాబోయే రోజుల్లో పెద్దదవుతుంది. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 దాటినవాళ్ళు 12.4 శాతం, దేశం సగటు 10.1. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ఈ చంద్రగిరి పక్క నారావారిపల్లె మనిషే, 2024 అక్టోబర్‌లో రాష్ట్రం ముసలిదవుతోంది, పిల్లల్ని ఎక్కువమందిని కనండి అన్నారు. కనమన్నది సరే. కన్నవాళ్ళ సంగతేంటి? ఇద్దర్ని కని, ఇద్దర్నీ ఇంజినీర్లని చేసి, ఒకర్ని డల్లాస్‌కీ ఒకర్ని పూణేకీ పంపిన పెద్దమ్మ చేతిలో ఈరోజు ఏముంది?

అన్న వాదన నేను తేలిగ్గా తీసెయ్యను. "నేను అక్కడ లేను. ఉండలేను. తెల్లారి లేస్తే అమ్మ ఊపిరి తీసుకుంటోందని ఒక గీత కనిపిస్తే నేను ఆఫీసుకి పోగలను. ఆ గీత కూడా తీసెయ్యమంటావా?" అన్నాడు. అన్నప్పుడు గొంతు బొంగురుపోయింది. నేను పక్క ఊళ్ళోనే ఉన్నాను, నెలకి రెండుసార్లు పోతాను, నాకు ఈ మాట అనే హక్కు ఎంతుందో నాకూ తెలుసు. కానీ ఆ గీత అన్న భయానికి మందు. పెద్దమ్మ ఒంటరితనానికి కాదు. ఆ మందు ఖర్చు అన్న కడుతున్నాడు, దాని చేదు మాత్రం ఆమె మింగుతోంది. ఇంకో మాట కూడా ఉంది. ఇంతకుముందు అన్న ఫోన్ చేస్తే "ఎట్లుండావమ్మా?" అని మొదలుపెట్టేవాడు. ఆమె చెప్పేది, ఊరి సంగతులతో సహా, అరగంట. ఇప్పుడు ఎట్లుందో ముందే తెలుసు కాబట్టి అడగడు. లెక్కలు సరిచూస్తాడు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఈ జిల్లా సాహిత్యం చదివినవాళ్ళకి ముసలమ్మలు ఎట్లా మాట్లాడతారో చెప్పక్కర్లేదు. నామిని 'మా అమ్మ చెప్పిన కతలు' అని పుస్తకానికి పేరు పెట్టుకున్నాడు. చెప్పేది అమ్మ, రాసుకునేది కొడుకు. మన ఇళ్ళల్లో అది తిరగబడింది. అమ్మ గురించి మిషన్ చెబుతుంది, కొడుకు చదువుతాడు, అమ్మ నోరు మూసుకుని కూర్చుంటుంది.

నేను అడిగేవి నాలుగే. ఒకటి, సెన్సర్ చెప్పింది ముందు ఆ మనిషికే తెలియాలి, తెలుగులో, నోటితో చెప్పినా సరే. ఆమె సరే అన్నాకే కొడుక్కి. రెండు, ఆపే స్విచ్ ఆమె చెయ్యి అందే చోట ఉండాలి. ఎందుకు ఆపావని అడగకూడదు. మూడు, బాత్రూంలో పడిపోతే పిలిచే పరికరం ఉండొచ్చు, ఎన్నిసార్లు పోయిందో లెక్కపెట్టే పరికరం డాక్టర్ రాసిచ్చి ఆమె ఒప్పుకుంటే తప్ప ఉండకూడదు. నాలుగు, ఏ రాత్రి ఎన్ని పడకలకి ఎంతమంది ఆయాలున్నారో, ఎన్ని అలర్ట్‌లు వచ్చాయో, ఎంతసేపట్లో మనిషి వెళ్ళిందో హోమ్ గోడమీద రాసిపెట్టాలి. ముసలివాళ్ళ మీద సెన్సర్ పెట్టినవాళ్ళు తమ మీద కూడా ఒకటి పెట్టుకోవాలి.

ఇది చదువుతున్న మీలో చాలామంది ముప్ఫైల్లో ఉంటారు. రేపు ఆ 14 పేజీల కింద సంతకం పెట్టేది మీరే. అన్నకి చెప్పిందే మీకూ చెబుతాను. పెట్టేముందు ఆ పట్టీని ఒక్క నెల మీ పరుపు కింద వేసుకోండి. ఆ తెల్ల డబ్బాని మీ బాత్రూంలో బిగించుకోండి. యాప్ మీ అమ్మ ఫోన్లో పెట్టి, రోజూ పొద్దున ఆమెని మీకు ఫోన్ చెయ్యమనండి. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, రెండింటికి ఎందుకు లేచావు, గదిలో ఇంకెవరున్నారు అని అడగమనండి.

అన్న ఒప్పుకోలేదు. "అది వేరే" అన్నాడు. ఎట్లా వేరో ఇంకా చెప్పలేదు. కానీ పోయిన ఆదివారం ఫోన్ చేసి మొదట "అమ్మా, ఎట్లుండావు?" అన్నాడట. బాత్రూంలో డబ్బా ఇంకా అక్కడే ఉంది. పెద్దమ్మ దానికి ఒక పాత జాకెట్ గుడ్డ కట్టింది. మేనేజర్ తియ్యమంటున్నాడు. ఆమె తియ్యనంటోంది. నేను ఆమె పక్షం.